కొత్త చైను, పాత పళ్ళు

ఏడో తరగతిలో నేను బడి మానేశాక మా బడి ఫలితాలు బాగుపడ్డాయని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను కాదనను. ఒకరు చెప్పింది వినే అలవాటు నాకు అప్పుడూ లేదు, ముప్పై ఏళ్ళ తరువాత సిద్దిపేటలో మెకానిక్ ముందు నిలబడినప్పుడూ లేదు.

మా వదినకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు సిద్దిపేట దవాఖానలో డయాలసిస్ మిషన్ మీద నాలుగేసి గంటలు పడుకోవాలి. అన్న వరికోత బండి నడుపుతూ జిల్లాలు తిరుగుతాడు. మా ఊరేమో మిరుదొడ్డికి అవతల. అందుకని ఆమెను తీసుకుపోయి తీసుకురావడం నా పని, నా వంద సీసీ బండి పని.

ఆ బండి చైను సాగిపోయింది. గుంతలో పడ్డప్పుడల్లా కవరుకు కొట్టుకుని డబడబమనేది. ఆ చప్పుడు విని, నేను వీధి మూల తిరగకముందే ఇంట్లో చాయ్ పొయ్యి మీద పెట్టేవాళ్ళు. మెకానిక్ కవరు విప్పి వెనుక పళ్ళ చక్రం మీద వేలు పెట్టి చూపించాడు. ఒక్కో పన్నూ కొడవలి మొనలా ఒకవైపు వంగి ఉంది.

"చైనొక్కటి ఏస్తే ఆగది. ముందటి పండ్ల చక్రం, ఎనుకటిది, చైను, మూడు ఒక్కసారే మార్చాలె," అన్నాడు.

"నా పండ్లు గూడ అరిగినయ్. బువ్వ తింటలేనా?" అన్నాను.

అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను అడిగినట్టే చైను మాత్రం వేసి పంపాడు.

కొత్త చైను ఆ వంగిన పళ్ళ మీద సరిగా కూర్చోలేదు. నెల తిరగకముందే చప్పుడు మళ్ళీ మొదలైంది. చప్పుడు పోవాలంటే బిగిస్తే సరి అనుకున్నాను. ఒక బుధవారం పొద్దున డబుల్ స్టాండ్ వేసి, చైను బట్టలారేసే తీగలా అయ్యేదాకా వెనుక చక్రాన్ని లాగి బిగించాను. మనిషి ఎక్కితే బండి వెనుక భాగం కిందికి దిగుతుందనీ, అప్పుడు చైను ఇంకా లాక్కుంటుందనీ నాకు తట్టలేదు. పైన ఇంత కాలిన ఇంజన్ ఆయిలు పోశాను. బండి గప్‌చుప్ అయింది. వదిన ఎక్కి కూర్చుంది.

మిరుదొడ్డి దాటాక, చేల నడుమ, చైను రెండు కొసలను కలిపే లాకు తెగింది. చైను ఊడి వెనుక ఎక్కడో పడింది. వెనక్కి నడిచి వెతికి తెచ్చాను. ఇంకో లాకు నా దగ్గర లేదు. కంచెకు చుట్టిన తీగ ముక్క తెంపి కొసలు కట్టాను. బండి నాలుగు గజాలు కదిలి ఆగింది. మళ్ళీ కట్టాను. వదిన కొంగు తలమీద కప్పుకుని రాయి మీద కూర్చుంది. ఆమె కాళ్ళు అప్పటికే ఉబ్బి, చెప్పుల పట్టీలు లోపలికి దిగి ఉన్నాయి. నీళ్ళు తాగుతావా అని అడగబోయి ఆగాను. ఆ జబ్బుకు ఆమె రోజుకు తాగే నీళ్ళకు కూడా లెక్కుంది. చివరికి పాల ఆటో ఒకటి వచ్చింది. క్యాన్ల మధ్య ఆమెను కూర్చోబెట్టి, బండిని అక్కడే వదిలి, నేను పక్కన వేలాడాను.

చేరేసరికి ఆమె వంతు సగం అయిపోయింది. తరువాతి మనిషి బయట కాచుకుని ఉన్నాడు, ఆయనకూ అదే జబ్బు. నాలుగు గంటలకు రెండే దొరికాయి. మళ్ళీ వంతు వచ్చేదాకా ఆ రెండు రోజులూ ఆమె పడుకోలేకపోయింది, పడుకుంటే ఊపిరాడదు. గోడకు దిండు ఆనించుకుని కూర్చునే కునుకు తీసింది.  

గురువారమే బండిని ట్రాలీలో సిద్దిపేటకు తెచ్చి మూడూ మార్పించాను. పాతవాటి పళ్ళూ, లింకులూ లెక్కపెట్టి, సరిపోయే సెట్టును మెకానికే ఎంచాడు. కాలిన ఆయిలు దుమ్మును పట్టుకుని ఆకురాయిలా అరగదీస్తుందని చెప్పాడు. ఇప్పుడు ఆదివారం ఆదివారం డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడిచి, లోపలివైపు గేర్ ఆయిలు చుక్కలుగా వేస్తాను. బయలుదేరే ముందు పక్కింటాయన హ్యాండిల్ పట్టుకుంటే, వదినను సీటు మీద కూర్చోబెట్టి చైనును వేలితో ఎత్తి చూస్తాను. అంగుళమంత ఆడాలి.

కోతలయ్యాక అన్న వచ్చి, ఇక ఆటో మాట్లాడదామన్నాడు. నాకూ న్యాయమే అనిపించింది. ఆమె ఒప్పుకోలేదు. మరునాడు చైను చూస్తూ నేనే అడిగాను.

"వదినా, రోడ్డు మీద కూసోవెట్టిన బండిని మల్ల ఎట్ల నమ్ముతవు?"

"బండిని ఎవలు నమ్మిన్రు?" అంది. "ఆ దినం రెండు గంటలు నీ నోట్లకెల్లి ఒక్క పరాచికం రాలే. గది జూసి ఎక్కుతున్న."