పాయింటు తర్వాత మూళ్లు

పీయూసీలో, అంటే ఇంటర్లో, కెమిస్ట్రీ మొదటి పాఠమే నన్ను ముంచింది. కొలిచి రాసిన అంకెల్లో చివరిది మన అంచనా మాత్రమేనట. అయినా దాన్ని కూడా సార్థక అంకెల్లోనే లెక్కపెట్టాలట. అనుమానం ఉందంటారు, అర్థం ఉందంటారు, ఇదెక్కడి గోలరా దేవుడా అనుకున్నాను. బలసముద్రం నుంచి పావగడ కాలేజీకి బస్సులో నిలబడి పోతూ కూడా అదే ఆలోచన. కిటికీ బయట సోలార్ ప్లేట్లు ఎంత దూరం పోయినా అయిపోవు, నా అయోమయమూ అంతే.

అప్పుడు అక్క బిడ్డతో పుట్టింట్లోనే ఉంది. పాపకు రాగిజావ మొదలుపెట్టారు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ, పళ్లు గారపడతాయి, ఎముకలు వంకరపోతాయి అని అందరికీ భయం. తాగే నీళ్లకు ఊరి చివర ఫిల్టర్ దగ్గరికి పోయి క్యాను మోసుకురావాలి. అమ్మ పొద్దున్నే ప్లేట్ల కింద గడ్డి కోసే కూలికి వెళ్లేది. చంకలో బిడ్డతో అక్క క్యాను ఎక్కడ మోస్తుంది? సోలార్ వాళ్లకు లీజుకు పోగా మిగిలిన పొలం మూలలో మా బోరు ఉంది, ఆ నీళ్లు పైపులో ఇంటిదాకా వస్తాయి. అవి పాపకు వాడొచ్చో లేదో కనుక్కోమని అక్క నా ప్రాణం తీసింది. కాలేజీలో ఫ్లోరైడు చూసే కిట్టు ఉంది. కెమిస్ట్రీ సార్ కూడా ఎవరింటి నీళ్లు వాళ్లను తెమ్మన్నాడు.

మర్నాడు జడ వేసుకుంటూ, సార్ నీళ్లు తెమ్మన్నాడు, సీసాలో పట్టివ్వమని అమ్మకు కేకేశాను. ఆమె ఇచ్చిన సీసా తీసుకుని బస్సుకు పరిగెత్తాను.

నీళ్లలో మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును అట్టమీది రంగులతో పోల్చాలి. అట్టమీద సున్నా, అర, ఒకటి, ఒకటిన్నర ఉన్నాయి. ఒకటిన్నర దాటితే తాగకూడదట. నా రంగు సున్నాకూ అరకూ మధ్య ఎక్కడో ఉంది. ఒకసారి పాయింట్ మూడు అనిపించింది, మళ్లీ చూస్తే మూడే, కిటికీ దగ్గరికి తీసుకెళ్తే నాలుగు. మూడింటినీ కలిపి మూడుతో భాగిస్తే క్యాలిక్యులేటర్ నిండా మూళ్లు. అన్నీ రాశాను. ఒక్కటి వదలడానికీ మనసొప్పలేదు.

"అట్టమీద సున్నా తర్వాత అర ఉండాది. నీకీ మూళ్లన్నీ యాడినుంచి వచ్చినాయమ్మా?" అన్నాడు సార్.

అన్నీ కొట్టేసి ఒక్క మూడు ఉంచాడు. అది రెండైనా కావొచ్చు, నాలుగైనా కావొచ్చు, ఆ మాటా పక్కన రాయమన్నాడు. నాకు ఒళ్లు మండింది. రెండో నాలుగో తెలియనప్పుడు మూడని రాయడం దేనికి? సాయంత్రం ఇంటికొచ్చి ఆ మంటంతా అక్క మీద కక్కాను.

"రెండో నాలుగో నాకెందుకే? పాపకు పోయొచ్చా, లేదా?" అంది అక్క.

ఎలా చూసినా ఒకటిన్నరకు చాలా కిందే ఉంది. పోయొచ్చన్నాను. అక్క మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత ఒక ఆదివారం అమ్మకు పని లేదు. పొయ్యి దగ్గరికొచ్చి, బిడ్డకు బోరు నీళ్లతో జావ కాస్తున్నావేమని అక్కను కేకలేసింది. అక్క నన్ను చూపించింది. నేను సీసా సంగతి, కిట్టు సంగతి గొప్పగా చెప్పాను.

"సార్ తెమ్మన్నాడంటివి. బయటోళ్లకు బోరు నీళ్లు ఇస్తామా యాడన్నా? క్యాన్లో నీళ్లే పట్టిచ్చినా."

నిజమే. మా ఇంటికి చీరలమ్మే మనిషి వచ్చినా చెంబులో ఫిల్టర్ నీళ్లే ఇస్తాం. బోరు నీళ్లు గొర్రెలకు, గిన్నెలు కడగడానికి. అది నాకు తెలియక కాదు. రంగు అంత తక్కువ వచ్చినప్పుడైనా ఇవి ఏ నీళ్లని అమ్మను అడగలేదు, నా బుర్ర మూళ్లలో ఇరుక్కుపోయి ఉంది.

అక్క జావగిన్నె దింపి, కొంగుతో పాప మూతి తుడిచింది. ఒకసారి తుడిచి, మళ్లీ తుడిచింది.

"అయితే ఇన్నాళ్లూ నా బిడ్డకు ఎంత తాపినట్టే?" అని అడిగింది.

పాప ఇంకా కావాలని నోరు తెరిచి చేతులు ఆడిస్తోంది. అక్కకు చెప్పడానికి నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు.