నానో పిల్లకు పెరుగన్నం

ఆ రోజుల్లో నా ఈడువాళ్లు ఉద్యోగాలు ఎప్పుడు మానేద్దామా అని చూస్తుంటే, నేను మొదటి ఉద్యోగంలో చేరాను పిల్లలూ. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా పనిలో మాత్రం పసిదాన్నే. 2011లో, మేడ్చల్ బస్టాండు దగ్గర డీటీపీ షాపులో తెలుగు టైపింగ్. అక్కడి కుర్చీ అంటే నాకు ప్రాణం (ఇంట్లో నాదంటూ ఒక కుర్చీ ఎప్పుడుంది గనక!). షాపు నడిపే ఆవిడను అందరం ఆపా (ఉర్దూలో అక్క) అనేవాళ్లం. మొదటిరోజే చెప్పేసింది: "సూడు అక్కా, రాసింది రాసినట్టు కొట్టాలె. నీ దిమాక్ ఇంటికాడ పెట్టి రా. ఒక్క మాట మారినా పని బంద్."

గుండ్లపోచంపల్లి కాలనీ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ తన నవల తెచ్చేవారు. కోస్తా వైపు మనిషి. మేం పెట్టుకున్న పేరు నానో సారు. నవల నిండా భయమే. శామీర్‌పేట చెరువు అవతల ఒక ల్యాబులో మనిషిలాంటి పిల్లను తయారుచేస్తారు. ఒంట్లో రక్తానికి బదులు కంటికి కనపడని నానో యంత్రాలు తిరుగుతుంటాయి. చివరికి అవే ఆమెను లోపల్నుంచి కొరికి పొడి చేస్తాయి. అదంతా నిమ్మళంగానే టైపు చేశాను. కానీ (నవ్వకండి) పన్నెండు అధ్యాయాల్లో ఆ పిల్లకు ఎవరూ ఒక్క ముద్ద పెట్టలేదు. చివరి అధ్యాయంలో ఇక నా వేళ్లు ఆగలేదు. ల్యాబు ఊడ్చే ఆమె "తిన్నవా బిడ్డా?" అని అడిగి, గిన్నెలో పెరుగన్నం పెట్టినట్టు రెండు వాక్యాలు కలిపేశాను.

సారుకు కంటి ఆపరేషన్ అయింది. అందుకని టైపు చేసింది నేను చదివి వినిపిస్తుంటే, ఆపా చేతిరాత కాగితాలతో సరిచూసేది. ఆ సంగతే మరిచిపోయి, చివరి అధ్యాయం కూడా గడగడా చదివేశాను.

"ఆగాగు! గీ పెరుగన్నం యాడికెల్లి వచ్చింది?" అంది ఆపా.

సారు తెల్లబోయారు. "అదేవిటమ్మా! ఆ పిల్లకు ఆకలే ఉండదు. అసలు కడుపే పెట్టలేదు నేను!"

"కడుపు లేకుంటే లేకపాయె సారూ. అడుగుడన్న అడగాలె గద?" అన్నాను మెల్లగా.

"ఇగ లే, కుర్చీ మీదికెల్లి," అంది ఆపా.

లేచాను, సంచీ కూడా తీసుకున్నాను. సారు చెయ్యెత్తి ఆపారు.

"పెరుగన్నం తీసెయ్యమ్మా. ప్రశ్న ఉండనీ. దాని కింద ఈ ముక్క వెయ్యి: 'ఆ ప్రశ్నకు ఆమెలో ఎవరూ జవాబు అమర్చలేదు.'"

అది విని ఆపాయే గొంతు తగ్గించి, "కూసో అక్కా," అంది.

అలా ఉద్యోగం నిలిచింది. పుస్తకం వచ్చాక చదివినవాళ్లంతా సరిగ్గా అక్కడే ఏడ్చామని సారుకు చెప్పారట. దిక్కులేని పిల్లకు కాస్త మంచి చేద్దామని పోయి, నవల మొత్తంలో అన్నిటికన్నా ఘోరమైన చోటు తయారుచేసింది నేనే. ఇప్పటికీ అప్పుడప్పుడు నా వేళ్లు చూసుకుని, అంతపని చేసింది ఇవేనా అని నవ్వుకుంటాను.