పాకాల ఇల్లు, పలమనేరు ఇల్లు

తిరుపతిలో మా కాలేజీకి కంప్యూటర్ వచ్చిన ఏడాదే నా పెళ్ళి కూడా దాదాపు ఖాయమైంది. పెళ్ళికొడుకు మా అమ్మ తమ్ముడు. పలమనేరులో మా ఇంటికి రెండు వీధుల అవతల ఆవులు పెట్టుకుని పాలు పోసేవాడు. నేను పుట్టినప్పుడు ఆసుపత్రికి వేడినీళ్ళ ఫ్లాస్కు మోసుకొచ్చింది ఆయనే. మంచివాడు. అదే నాకొచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కాదనడానికి ఒక కారణమైనా దొరికేది. మామను మొగుడిగా అనుకుంటేనే నాకు నవ్వొచ్చేది, తర్వాత ఏడుపొచ్చేది. హాస్టల్లో అందరి మీదా నోరు పారేసుకునే దాన్ని, నాయన ముందు మాత్రం పిల్లిని. పరీక్షలు కాగానే ముహూర్తం అని నాయన అనేశాడు, నేను తల ఊపేశాను.

మా ఇంట్లో ఇది కొత్తా కాదు. మా నాయన సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు, ఆ కూతురే మా అమ్మ. దానివల్ల మామ నాకు అమ్మ వైపు నుంచి లెక్కేస్తే మామ, నాయన వైపు నుంచి లెక్కేస్తే మేనత్త కొడుకు, అంటే బావ. ఎటునుంచి వచ్చినా తాళి కట్టే వరసే. తప్పించుకునే సందు లేదు.

కంప్యూటర్ గదికి తెరలు, ఏసీ. చెప్పులు బయట విడవాలి. తిరుపతి కాబట్టి ఆ అలవాటు ఎవరికీ నేర్పాల్సిన పని పడలేదు. అటెండరు రోజూ పొద్దున మిషన్‌కు బొట్టు పెట్టేవాడు. ఒకరోజు సరిగ్గా స్క్రీన్ మధ్యలో పెట్టి మాస్టారి చేత చీవాట్లు తిన్నాడు.

ఆ మాస్టారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రాడు. ఆయన మాట మాకు, మా మాట ఆయనకు సగమే అర్థమయ్యేవి. బహుశా అందుకేనేమో మాకిచ్చిన మొదటి పనే విచిత్రంగా ఉంది. చుట్టం ఎవరో టైపు చేస్తే ఆ మనిషిని ఏమని పిలవాలో మిషన్ చెప్పాలి. తెలుగు అక్షరాలు దానికి రావు కాబట్టి మన మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ఇంతేనా అనుకున్నాం. అప్పుడాయన అసలు మెలిక పెట్టాడు.

"మీ ప్రోగ్రాం మీ ఇంట్లో పనిచేస్తే గొప్పేటి? పక్కింట్లో పనిచెయ్యాల. మీ ఇంటి అలవాటుకీ తన ఇంటి అలవాటుకీ పోలిక లేని మనిషిని వెతుక్కుని జతగా కూకోండి. ఆ మనిషి కొట్టిన ప్రతి చుట్టానికీ సరైన జవాబు రావాల. ఒక్కటి తప్పినా ఇద్దరికీ సున్నాయే."

నా జత పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చే పిల్ల. వాళ్ళ ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బయట నాకన్నా చక్కగా చిత్తూరు తెలుగు మాట్లాడుతుంది. అంతకుముందు మా ఇద్దరికీ పరిచయమంతా టిఫిన్ డబ్బాల వరకే. ఆమె తెచ్చిన ఖీమా నేను తినను, నేను తెచ్చిన ఊరగాయ ఆమె వదలదు.

నేను మొదట్నుంచీ తెలివి ఎక్కువ చూపించే రకం. చిన్నాయన కొడుకు తమ్ముడెట్లా అయ్యాడు, మేనత్త కొడుకు బావెట్లా అయ్యాడు, ఈ తేడా ఎందుకని మాస్టారు అడిగితే, "ఎవర్ని కట్టుకోవచ్చో తెలియాల గదా సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. "అయితే అది కూడా రాయమ్మా" అన్నాడాయన. అందుకని నా ప్రోగ్రాంలో రెండు జవాబులు వచ్చేవి. ఏమని పిలవాలి అన్నది మొదటిది, కట్టుకోవచ్చా కూడదా అన్నది రెండోది.

పాకాల పిల్ల వచ్చి కుర్చీలో కూర్చుని చిన్నాయన కొడుకు అని కొట్టింది. తమ్ముడు, కట్టుకోకూడదు అని వచ్చింది.

"తప్పు. మా అక్కను ఇచ్చింది మా చిన్నాయన కొడుక్కే" అంది.

నేను చెవులు మూసుకున్నాను. "అన్నదమ్ముల బిడ్డలు పెండ్లి చేసుకుంటారా? అన్నాచెల్లెలు గదమ్మే వాళ్ళు."

ఆమె వెంటనే అమ్మ తమ్ముడు అని కొట్టింది. మామ, కట్టుకోవచ్చు అని వచ్చింది. అంతే, కుర్చీ వెనక్కి తోసి లేచి రెండు చెంపలూ వాయించుకుంది. "తోబా, తోబా. అమ్మకు తోడబుట్టినోడినా? మామూనా? మీకు పాపం అనిపీదా మే?"

ఆ తర్వాత కొన్నాళ్ళు ఒకే మిషన్ ముందు పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకోలేదు. ఊరగాయ కూడా ముట్టలేదు, అంత పౌరుషం. మాస్టారు చూసీ చూడనట్టు తిరిగాడు. చివరికి సున్నా భయానికి నేనే దిగొచ్చి ప్రోగ్రాం మార్చాను. మొదట ఏ ఇల్లు అని మిషన్ అడుగుతుంది, దాన్ని బట్టి జవాబు చెబుతుంది. ఒకటి నొక్కితే మామూలు ఇల్లు, రెండు నొక్కితే వేరే ఇల్లు.

పాకాల పిల్ల అది చదివి మళ్ళీ మండిపడింది. "మీది మామూలు, మాది వేరేనా?" మర్నాడు నేను వచ్చేసరికి తిరగరాసి పెట్టింది. మామూలు ఇంట్లో వాళ్ళున్నారు, వేరే ఇంట్లో మేమున్నాం. స్క్రీన్ మీద మా వాళ్ళని వేరేవాళ్ళుగా చూసేసరికి నాకు చెంప మీద కొట్టినట్టైంది. అరగంట అరుచుకున్నాక ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇళ్ళకు ఊళ్ళ పేర్లు పెట్టేశాం. ఒకటి పాకాల ఇల్లు, రెండోది పలమనేరు ఇల్లు. పాకాలలో మా వాళ్ళు, పలమనేరులో వాళ్ళ వాళ్ళు లేరా అని మాస్టారు అడగలేదు, మేమూ గుర్తు చేయలేదు. ఆ రోజు ఊరగాయ సీసా ఖాళీ అయింది, నా పెళ్ళి సంగతి కూడా ఆమెకు చెప్పేశాను.

కొత్త మిషన్‌ను తల్లిదండ్రులకు చూపిద్దామని కాలేజీ వాళ్ళు ఒక రోజు పెట్టారు. నాయన వచ్చాడు. పనిలో పనిగా ముహూర్తం పెట్టించుకుని పోదామని మామను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ చెప్పులు విడిచి, మిషన్‌కు దణ్ణం పెట్టి మా ముందు నిలబడ్డారు. వెనక తక్కిన పెద్దవాళ్ళు వరసలో ఉన్నారు.

"అమ్మ తమ్ముడు అని కొట్టు సూద్దాం" అన్నాడు నాయన.

నేను పలమనేరు ఇంట్లోనే కొట్టాను. మామ, కట్టుకోవచ్చు. పాకాల పిల్ల చదివి వినిపించింది. నాయన మొహం వెలిగిపోయింది. "సూస్తివేరా, మిషన్ కూడా అదే చెప్తా ఉండాది."

మామ స్క్రీన్ మీద ఇళ్ళ పేర్లున్న చోట వేలు పెట్టాడు. "ఇంకో ఇల్లు కూడా ఉండాది గదమ్మా. అది కొట్టు" అన్నాడు. పాకాల పిల్ల నాకన్నా ముందు చేయి చాచి నొక్కింది. మామూ, కట్టుకోకూడదు.

"ఇదేమప్పా, ఒకే మిషన్ రెండు మాటలు చెప్తా ఉండాదే" అన్నాడు నాయన.

"రెండూ కరెక్టేనండి. ఇంటిని బట్టి జవాబు" అన్నాడు మాస్టారు, తను ఏ నిప్పు మీద కాలు పెట్టాడో తెలియక.

నాయన పాకాల పిల్ల వైపు తిరిగాడు. "మీ ఇండ్లల్లో మామ అంటే ఏమి పాపా?"

"నాయన మాదిరి సార్. నాయన లేకుంటే ఆయనే నాయన."

మామ నేల చూస్తూ అన్నాడు. "నాకూ అట్లనే ఉండాది మామా. శానా దినాల్నించి చెప్పల్లని. దీన్ని సంకనేసుకోని తిరిగినాను. తాళి కట్టల్లంటే చెయ్యి రాదు."

"నేను మీ అక్కను సంకనేసుకోని తిరగలేదా? నాకు చెయ్యి రాలేదా?" అన్నాడు నాయన. వెనక వరసలో ఎవరో "జరగండప్పా, మేమూ సూడల్ల గదా" అన్నారు. నాయన జరగలేదు. నా వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అన్నాడు.

చేయి చాచి పాకాల ఇల్లు మళ్ళీ నొక్కాను. కట్టుకోకూడదు అని మళ్ళీ వచ్చింది. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, పాండి. బస్సుకు టైమైతాది" అన్నాడు. మాస్టారు మాకు ఎన్ని మార్కులు వేశాడో కూడా చూసుకోకుండా వాళ్ళతోపాటు బస్సెక్కేశాను.

చిత్తూరు బస్టాండులో నాయన అందరికీ కాఫీ, బోండాలు ఇప్పించి, మామతో "సరేలేరా, నీకు యాడన్నా వేరే పిల్లను సూస్తాలే" అన్నాడు. మామ ఆ సంతోషంలో నా బోండా కూడా తినేశాడు. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఇంటికి చేరి నాయన సంగటి ముందు కూర్చుని, జరిగిందంతా అమ్మకు చెప్పాడు. తమ్ముడి పెళ్ళి తప్పిపోయిందని అమ్మ గొడవ చేస్తుందనుకున్నాను. అమ్మ విని, ఊరిమిండి పచ్చడి వడ్డించింది.

"వానికి చెయ్యి రాదంట. నాకు రాలేదా?" అన్నాడు నాయన మళ్ళీ.

"నీకు వచ్చిందిలే" అంది అమ్మ. పచ్చడి గిన్నెకు మూత పెడుతూ, "ఆ పొద్దు నన్ను కూడా ఎవరన్నా అడిగింటే చెప్పిందును" అంది.

నాయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏమని చెప్పిందువు?"

"ఇప్పుడెందుకులే మామా" అంది అమ్మ. "సంగటి సల్లారిపోతాది, తిను."