అన్న మోసిన కేసు

ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో కేసు మోయడం అని ఒక పని ఉండేది. పెద్దింటివాళ్లు మనిషిని నరికితే, వాళ్ల దగ్గర జీతమున్నవాడు కొడవలి పట్టుకొని స్టేషనుకు పోయి, నేనే నరికానని చెప్పాలి. డెబ్బైల్లో కాలవ నీళ్ల తగాదాలో మా అన్న జీతమున్న ఆసామి కొడుకు ఒక రైతును నరికాడు. ఆ కేసు మోయమని మా అన్నకు చెప్పారు. అన్న మోయనన్నాడు. అయినా పోలీసులు ఎత్తుకుపోయారు.

మరునాడు ఆసామి గుమాస్తా నా దగ్గరికి వచ్చాడు.

"బేగా ఒత్తప్పా. మీయన్నను ఇడిపిచ్చే కాయితం ఇది."

నాకు అక్షరమ్ముక్క రాదు. వేలిముద్ర ఒత్తాను.

నంద్యాల కోర్టులో ఆ కాగితం చదివారు. అన్న నరుకుతుంటే కళ్లారా చూశానని నేను చెప్పినట్టు అందులో ఉంది. నేను చెప్పలేదన్నాను. వేలిముద్ర నీదేనా అన్నారు. నాదే. యావజ్జీవం వేశారు. శిక్ష చూసి తక్కినవాళ్లకు భయం పుట్టాలని జడ్జి అన్నాడట, మా వకీలు చెప్పాడు. మాకు పుట్టుకతోనే ఉన్న భయం ఇంకా ఏం పుట్టాలి? అది పుట్టాల్సిన ఆసామి కొడుకు ఆ రోజు కోర్టు బయట జీపులో కూర్చొని సోడా తాగుతున్నాడు.

ఆ కోపంతోనే నలభై దాటాక పలక పట్టాను. నేర్పింది చర్చి బడి అయ్యవారు. మంచివాడే. తప్పు చేసినవాడు బాధపడితేనే మారతాడని నమ్మేవాడు.

"మాయన్న ఏం మారాల సార్?" అని అడిగాను.

ఆయన పలక తుడిచి, తర్వాతి గుణింతం రాశాడు. చదువుకున్నవాళ్ల జవాబు ఎప్పుడూ అంతే.

ఎనభైల్లో అన్న విడుదలయ్యాడు. పళ్లు సగం లేవు. నేను ఒత్తిన కాగితం మాట ఎన్నడూ ఎత్తలేదు. ఒకరోజు ఆళ్లగడ్డ బస్టాండులో, చచ్చిపోయిన రైతు భార్య మా దగ్గరికి వచ్చింది. అన్నతో మెల్లగా అంది.

"నువ్వు కాదని నాకు అప్పుడే తెలుసప్పా. ఎవుడో ఒకడు జైలుకు పోవాలనిపిచ్చె. పెద్దోళ్లు యాడ పోతారు?"

శిక్ష గురించి ఇంత నిజం నేను ఏ కోర్టులోనూ వినలేదు. జడ్జికీ అదే కావలసింది, ఎవడో ఒకడు. కాకపోతే ఆయన దానికి న్యాయమని పేరు పెట్టాడు.

ఆమె ఎక్కాల్సిన నంద్యాల బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. అన్న భుజం మీది తువ్వాలు కిటికీలోంచి విసిరి ఆమెకు సీటు పట్టాడు.

నేనైతే పట్టేవాణ్ణి కాదు.