టెండరు గదిలో పలికిన పేరు

నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాకు రాయడం రాదు, సంతకం వచ్చు. నాలుగక్షరాలు. పెళ్లైన కొత్తలో మా ఆయన నేర్పించాడు. బ్యాంకులో వేలిముద్ర వేస్తే ఆయనకు నామోషీ అంట. ఒక్కో అక్షరం గోడ కట్టినట్టు కట్టుకుంటూ పోతాను, అందుకే నాకు ఒక సంతకానికి పట్టే టైములో ఇంకొకరు జాబు రాసేస్తారు.

అనంతపురంలో మాకొక అంగడి ఉంది. మొదట్లో ఆయన అందులో టైపు మిషన్లు బాగుచేసేవాడు. వేళ్లకెప్పుడూ రిబ్బను మసి. అన్నంలో ఆ మసి పడుతుందని నేను గొణుగుతూ ఉండేదాన్ని. తర్వాత ఆఫీసుల్లోకి కంప్యూటర్లు రావడం మొదలైతే, బెంగళూరు పోయి ఆ పని నేర్చుకుని వచ్చి, మిషన్ల పక్కనే కంప్యూటర్లు పెట్టాడు. బోర్డు మీద తన పేరే రాయించుకున్నాడు, దాని పక్కన కంప్యూటర్స్ అని. బోర్డు ఎక్కించిన రోజు నన్ను రోడ్డుకు అవతలి పక్క నిలబెట్టి, "ఆడినుంచి కనబడతాండాదా?" అని అరిచి అడిగాడు. నాకు చదవడం రాదని ఆయనకు తెలుసు. "బాగా కనబడతాండాది" అని నేనూ అరిచాను.

ఆయన పేరు నేనెప్పుడూ పలకలేదు. మొగుని పేరు పలికితే ఆయుస్సు తగ్గుతుందని పెళ్లైన రోజే మా అత్త చెప్పింది. పిలవాల్సి వస్తే "ఇదో" అనేదాన్ని, దూరంగా ఉంటే "ఏమయ్యో". చౌకదుకాణంలో పేరడిగితే కార్డు ముందుకు తోసేదాన్ని. చివరికి ఆసుపత్రిలో నర్సమ్మ పేషెంటు పేరేమని అడిగినప్పుడు కూడా, కిటికీ పక్క మంచమని చెప్పాను. అంత జాగ్రత్త చేసినా ఆయన ఆ మంచం మీది నుంచి లేచి రాలేదు. వానల్లేక శనక్కాయ చెట్టు పూతలోనే మాడిపోయిన ఏడాది అది.

ఆయన పోయాక పది నెలలు అంగడి తీస్తూ మూస్తూ ఉన్నాం. అమ్మాయి అప్పుడు డిగ్రీ రెండో ఏడు. నాయన దగ్గర పని నేర్చుకుంది కాబట్టి కాలేజీ నుంచి వచ్చి సాయంత్రాలు రిపేర్లు చూసేది. పగలు నేను కూర్చునేదాన్ని, ఈగలు తోలుకుంటూ. అంగడి గది మా మామది, అంటే మా మరిదికీ దాంట్లో భాగముంది. ఒకరోజు మరిది వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చెప్పడానికి మొహమాటపడుతున్నాడని తెలిసిపోయింది.

"వదినా, ఎరువుల అంగడోళ్లు గది అడుగుతాండారు. మంచి బాడుగ ఇస్తామంటాండారు. ఉగాదికి బోర్డు దింపేద్దామా?"

"బోర్డు నీకేం అడ్డమొచ్చిండాదప్పా?"

"అట్ల కాదు వదినా. ఈగలు తోలేదానికి ఇంత పెద్ద గది ఎందుకు?"

వానిది తప్పని చెప్పను. వానికీ పిల్లలున్నారు. ఉగాది దాకా చూద్దామన్నాను, సరేనన్నాడు.

మా వీధిలో ఒక సాయబన్న ఉండేవాడు. కలెక్టరాఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైనాడు. మా ఆయనకు స్నేహితుడు. ఆయన పోయాక కూడా రోజూ పొద్దున వచ్చి మా అంగడి బెంచీ మీదే పేపరు చదివేవాడు. ఒకరోజు చదువుతూ చదువుతూ అద్దాలు పైకెత్తాడు.

"ఏమ్మా, నీ పనే పడిండాది ఈడ. పదకొండు మండలాఫీసులకు కంప్యూటర్లు గావాలంట. ప్రింటరు, యూపీఎస్సుతో సహా. టెండరు."

"పెద్ద అంగళ్లోళ్లు ఉండారు గదన్నా. మనకెవరిస్తారు?"

"వాళ్లు రేటు చూసుకుంటారు, కాయితాలు చూసుకోరు. నేను ముప్పై ఏండ్లు టెండర్లు తోసేసినోణ్ణి. ఎందుకు తోసేస్తారో నాకు తెల్సు."

మరుసటి రోజే ఫారం కొనుక్కొచ్చాం. అది మొదలు అంగడి బెంచీ మీద కాయితాలు పరుచుకుని, ఒక్కో షరతు సాయబన్న చదవడం, అమ్మాయి కంప్యూటర్లో కొట్టడం, నేను టీ పెట్టడం. వాళ్లడిగిన వరుస ప్రకారమే మనమూ చెప్పాలంట. నంబరు తప్పకూడదంట. మానిటరు దగ్గర అమ్మాయి ఆగిపోయింది.

"మామా, వాళ్లు పదహైదు ఇంచీలు అడిగినారు. మనం పదిహేడు ఇస్తామంటే సంతోషపడతారు గదా?"

"పదహైదు అడిగితే పదహైదే ఇయ్యల్ల. ఎక్కువ పెట్టేదానికి వియ్యంకులింటికి సారె తీసకపోతాండామా?"

సేల్స్ టాక్సు కాయితం మా ఆయన పేరు మీద ఉండేది. అది నా పేరుకు మార్చడానికి ఆ ఆఫీసు చుట్టూ ఏడుసార్లు తిరిగాను. అంగడి పేరు మాత్రం మార్చనివ్వలేదు. మారిస్తే పాత పనులు లెక్కలోకి రావని సాయబన్న చెప్పాడు. ఆయన చెప్పకపోయినా నేను మార్చేదాన్ని కాదు. సరుకు మీకిస్తామని బెంగళూరు కంపెనీవాళ్లు ఇచ్చే జాబు కోసం అమ్మాయి ఎస్టీడీ బూతులో నిలబడి ఇంగ్లీషులో బతిమాలింది. ధరావతు డీడీకి నా గాజులు బ్యాంకులో పెట్టాం. ఎట్లాగూ వేసుకోవడం మానేసిన గాజులే.

అన్నీ కూడితే డెబ్బై రెండు పేజీలైనాయి. అప్పుడు సాయబన్న అసలు మాట చెప్పాడు. ప్రతి పేజీ కింద అంగడి యజమాని సంతకం ఉండాలి, ఒక్కటి తక్కువైనా తోసేస్తారు. యజమాని అంటే నేను.

పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాను. ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు, పసిపిల్లకు అక్షరాభ్యాసం చేయిస్తున్నట్టు. ఇరవై దాటాక నా చేయి తిరగడం మొదలైంది. నలభై దాటాక నాకే మురిపెంగా ఉంది, చకచకా పెట్టేస్తున్నాను. ఉన్నట్టుండి సాయబన్న నెత్తి పట్టుకున్నాడు.

"ఓయమ్మా, ఏం చేస్తాండావు! మొదటి సంతకం నీది, ఇది ఎవరో కలెక్టరుది. రెండూ ఒగరివే అంటే ఎవరు నమ్ముతారు?"

చూస్తే నిజమే. మొదటివి గోడ కట్టినట్టున్నాయి, చివరివి నీళ్లు పారినట్టున్నాయి. అమ్మాయి నవ్వాపుకోలేక బల్ల మీద పడిపోయింది. "మా, నీకు చదువొచ్చేసిండాదిమా, అదే వచ్చిన తిప్పలు" అంది. ఆ పేజీలన్నీ మళ్లీ అచ్చు తీసింది. ఈసారి ఒక్కో సంతకం ముందూ ఆగి, చేయి జాడించి, మా ఆయన నేర్పినట్టే నిదానంగా పెట్టాను.

అరవై నాలుగో పేజీని అమ్మాయి తన చేతిలోనే పెట్టుకుంది, నా ముందుకు తోయలేదు. నాకు అర్థం కాలేదు. "ఇదేం కాయితం?" అన్నాను.

"నాయన డెత్ సర్టిఫికెట్టుమా" అంది అమ్మాయి. "అంగడి నీకెట్ల వచ్చిందో చూపించల్ల గదా."

దాని కింద కూడా నా సంతకం కావాలి. ఆ నాలుగక్షరాలు ఆయన నా చేయి పట్టుకుని దిద్దించినవి. నేను పెట్టిన వాటన్నిటిలోకీ ఆ పేజీ మీదే చక్కగా కుదిరిందని అమ్మాయి ఇప్పటికీ అంటుంది.

కాయితాలు ఒక కవరు, రేటు ఇంకో కవరు, రెండూ కలిపి పెద్ద కవరు. సాయబన్న లక్క కరిగించి మూడు చోట్ల పోసి, రూపాయి బిళ్లతో అద్దాడు. రేటు కాయితం మొదటి కవర్లోకి పోలేదు కదా అని అతికించే ముందు మూడుసార్లు చూశాడు.

కవర్లు విప్పే రోజు మధ్యాహ్నం అమ్మాయికి పరీక్ష పడింది. సాయబన్నా నేనూ పోయాం. అంగడికి ఒక్కరే లోపలికి రావాలి, యజమాని గానీ, యజమాని జాబు రాసిచ్చిన మనిషి గానీ అని గుమ్మం దగ్గరే చెప్పారు. జాబు రాయించాలని మాకెవరికీ తోచలేదు. సాయబన్న వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాడు. "నువ్వేం మాట్లాడే పని లేదు, కూర్చుంటే చాలు" అన్నాడు.

లోపల నలుగురు మగవాళ్లు, ఇస్త్రీ చొక్కాలు. బల్ల వెనక సూపరింటెండెంటు సారు, ఆయన ముందర రిజిస్టరు. ఒక్కొక్కరే లేచి అంగడి పేరు చెప్పి, సంతకం పెట్టి కూర్చుంటున్నారు. నా వంతు వచ్చింది. లేచాను.

"ఏ అంగడమ్మా?"

"మా ఇంటాయనది సార్."

"మీ ఇంటాయనదే. పేరు?"

"కవరు మీద ఉండాది సార్. మూడు లక్క ముద్రలు ఉంటాయి చూడండి."

"అన్నిటికీ ఉండాయి లక్క ముద్రలు. పేరు నువ్వు చెప్పల్ల, నేను రాసుకోవల్ల. లేకుంటే ఎవరూ రాలేదని రాసుకుంటా."

వెనక నుంచి ఒకాయన అన్నాడు, "బోర్డు చదువుకోని రాపోమ్మా, అంతవరకు మేము టీ తాగతాము." ఇద్దరు నవ్వారు.

ఇరవై రెండేళ్లు పలకని పేరు. కార్డు తోసేదానికి ఇక్కడ కార్డు లేదు. అమ్మాయి పరీక్ష హాల్లో ఉంది. డెబ్బై రెండు సంతకాలు ఆ కవర్లో ఉన్నాయి, ఉగాది ముందరే ఉంది. అప్పుడు అనిపించింది, ఆయుస్సు తగ్గుతుందని కదా పలకలేదు, ఇంక తగ్గేదానికి ఏం మిగిలింది?

పలికాను.

నాది మొరటు గొంతు. మెల్లగా అనడం చేతకాదు. చేనవతల ఉన్న మనిషిని పిలిచినట్టు వచ్చింది, గది గదంతా వినబడేలా. నవ్వినవాళ్లు నవ్వాపేశారు. సారు మాత్రం తల ఎత్తకుండా రాసుకుని, "ఈడ సంతకం పెట్టు" అన్నాడు. అంతే. నేల చీలలేదు, ఏమీ కాలేదు. ఆయన బతికుండగా నా నోట ఒక్కసారీ వినలేదు కదా అని మాత్రం అనిపించింది. సంతకం పెట్టడానికి మామూలు కన్నా ఎక్కువ సేపే పట్టింది. సారు కసురుకోలేదు.

కవర్లు విప్పారు. నన్ను బోర్డు చదువుకుని రమ్మన్నాయన కాయితాల్లో రెండు పేజీలకు సంతకాలు లేవు. ఇప్పుడు పెడతానని పెన్ను తీశాడు గానీ సారు ఒప్పుకోలేదు, పక్కకు పెట్టేశాడు. ఇంకొకరిది డీడీ వేరే ఆఫీసరు పేరు మీద ఉంది. నాది ఒక్కో పేజీ తిప్పి, కింద వేలు పెట్టి చూశాడు. అరవై నాలుగో దాని దగ్గర వేలు ఆగింది. ఒకసారి నా వైపు చూసి, పేజీ మెల్లగా తిప్పాడు. మిగిలిన మూడింట్లో రేటు కవరు విప్పితే మాదే తక్కువ.

బయటికొస్తే సాయబన్న బెంచీ మీద లేడు. గేటు దాకా పోయి నిలబడి ఉన్నాడు.

"వచ్చిందన్నా, మనకే వచ్చింది" అన్నాను.

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "అదట్ల పెట్టుమ్మా. నువ్వు లోపల వాణ్ణి పేరు పెట్టి పిలిచినావు గదా, వాడు యాడో గేటు కాడ ఉండాడేమో అని లేచి వచ్చేసినా. వచ్చినంక గాని బుద్ధి రాలేదు."

తర్వాత టీ తాగి, అమ్మాయి పరీక్ష అయ్యే టైముకు కాలేజీకి పోయాం.

సరుకు దించడానికి జీపు మాట్లాడి మరిదే తోడొచ్చాడు. శింగనమల, పామిడి, సోమందేపల్లె, ఒక్కో ఆఫీసు. అమ్మాయి వైర్లు పెట్టి, తెర వెలిగించి చూపించేది. నేను రసీదు మీద సంతకం తీసుకునేదాన్ని. యాడాఫీసులో చూసినా గుమాస్తా అదే అడిగేవాడు, "ఏ అంగడి నుంచి వచ్చినారమ్మా?" మొదటి చోట అమ్మాయి చెప్పబోయింది. నేను దాని చేయి పట్టుకుని ఆపాను.

పదకొండు చోట్లా నేనే చెప్పాను. ఇందులో మాత్రం రాయించడం లేదు. బోర్డు మీద ఉంది, రోడ్డుకు అవతలి పక్క నుంచి కూడా కనబడుతుంది.