గోడ మూసే ముందు ఒక సంతకం

మా బాబాయి కాగితం మీద రాసివ్వనిదే దేన్నీ నమ్మడు. బయట వాన పడుతోందని చెప్పినా "ఎప్పటినుంచి? తేదీ, టైము వేసి సంతకం పెట్టు" అనే రకం.

ఆయనది జిప్సం బోర్డులతో గోడలు కట్టే సబ్‌కాంట్రాక్టు. ఆయన దగ్గర ఏడేళ్లు కొలతలు తీశాను కాబట్టి చెబుతున్నాను, ఒప్పందాన్ని ఆయన చదివినంత శ్రద్ధగా నేను ఏ పరీక్షకూ చదవలేదు. "మధ్యలో మార్పులు చెబితే అదనపు రోజులు ఇస్తారా? పైకప్పు కారి బోర్డు తడిస్తే బాధ్యత ఎవరిది?" అని పెద్ద కాంట్రాక్టరును పీల్చి పిప్పి చేసేవాడు.

ఇంట్లోనూ అంతే. ఒకసారి పిన్ని బీరువాను ఎదుటి గోడకు జరపమంది.

"జరుపుతాను. మళ్లీ వెనక్కి జరపమంటే?"

"అననండీ."

"ఆ ముక్క రాసివ్వు."

పిన్ని రాయలేదు. బీరువా కదల్లేదు.

రెండో వైపు బోర్డు బిగించాక గోడలోని పైపులు, వైర్లు ఎవరికీ కనబడవు. అందుకని మూసే ముందు గోడకొక కాగితం రాసి అందరిచేతా సంతకాలు పెట్టించేవాడు. ప్లంబరైతే రోజూ వెక్కిరించేవాడు. "అన్నా, గోడ కడుతున్నావా, ఆస్తి రిజిస్ట్రేషన్ చేయిస్తున్నావా?"

నాకూ విసుగే. రేపు ఏం జరిగినా తన మీదికి రాకుండా చూసుకుంటున్నాడని అనుకునేవాణ్ని.

ఒక ఆఫీసు భవనం మూడో అంతస్తులో గోడ చెమ్మ పట్టి ఉబ్బింది. కోసి చూస్తే లోపల పైపు జాయింటు కారుతోంది. పెద్ద కాంట్రాక్టరు అందరినీ పిలిచి ప్లంబరు మీద విరుచుకుపడ్డాడు.

"పైపులో నీళ్లు నింపి చూడకుండానే గోడ మూయించావు. ఇక మా సైట్లలో నీకు పనిలేదు."

"రెండు రోజులు ఆగమన్నానండి. మీ ఇంజనీరు గారే వద్దన్నారు."

"నేనెప్పుడన్నాను?" అన్నాడు ఇంజనీరు.

పదకొండేళ్లుగా ఆ కంపెనీ పని మీదే ప్లంబరు ఇల్లు గడుస్తోంది. పైగా గోడ కాగితం మీద అతని సంతకమూ ఉంది. బాబాయి ఇప్పుడు ఆ కాగితం తీస్తే అతని పని అయిపోయినట్టేనని నాకు భయం వేసింది.

బాబాయి తీశాడు. కాంట్రాక్టరు పైకి చదివాడు.

"పైపు పరీక్ష కాలేదు, రెండు రోజులు ఆగమని ప్లంబరు కోరాడు. ఆగకుండా మూయమని ఇంజనీరు గారు చెప్పారు."

కింద ఇంజనీరు సంతకం కూడా ఉంది.

"రోజుకు పది కాగితాలు తెస్తాడు సార్. చదవకుండా పెట్టేశాను," అని ఇంజనీరు గొణిగాడు.

ప్లంబరు పని నిలబడింది. బయటికొచ్చాక బాబాయిని అడిగాను.

"తప్పు మనది కాదని రాసుకుంటే సరిపోయేదిగా. అతని మాట కూడా ఎందుకు రాశావు?"

"మూసేది నేనే కదరా. మూసేశాక అతని మాట ఎవరు వింటారు?"

ఇన్నాళ్లూ ఆయన్ని గురించి అనుకున్నదానికి నాకు సిగ్గేసింది.

ప్లంబరు మాత్రం వెక్కిరించడం మానలేదు. కాకపోతే ఇప్పుడు ఆ హక్కు తనొక్కడిదే అంటాడు. ఇంకెవరైనా బాబాయిని ఒక్క మాట అన్నారో, చేతిలో పని వదిలేసి మరీ తగువుకు వెళ్తాడు.