నా బిడ్డ చేసిన బొడ్డెమ్మ

మహబూబాబాద్‌లో, అదే మా మానుకోటలో, మాది రెండు గదుల అద్దె ఇల్లు. నేను సర్కారు దవాఖానలో రక్త పరీక్షలు చేస్తాను. వానాకాలం చివరికొచ్చిందంటే చాలు, చుట్టుపక్కల ఊళ్లన్నీ జ్వరంతో వచ్చి మా కిటికీ ముందు నిలబడతాయి. సూది గుచ్చు, సీసా మీద పేరు రాయి, తర్వాత ఎవరమ్మా అని పిలువు. పొద్దంతా అదే. సాయంత్రానికి నా చేతులు నావి కావనిపిస్తుంది. మా ఆయనది భూపాలపల్లిలో బొగ్గు గని పని. వారానికోసారి వస్తాడు, వచ్చిన రోజంతా నిద్రపోతాడు. పాపం, ఆయన్నేమని అంటాం?

బిడ్డకు ఆరేళ్లు. స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టి, ఇంట్లో పిల్లలతో బొమ్మలు చేయించండి, రంగులు వేయించండి, చేతులు కదిలితేనే బుర్ర కదులుతుంది అని మేడమ్ చెప్పింది. మంచి మాటే, కాదనను. కానీ ఫోన్లో అట్లాంటి బొమ్మలు చేయించే వీడియోలు చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. గోళ్ల రంగు చెదరకుండా అట్టముక్కలతో కోట కట్టి, పిల్ల బుగ్గ మీద ముద్దు పెట్టే తల్లులు! వాళ్లింట్లో అంట్లు ఎవరు తోముతారో ఒక్క వీడియోలోనూ చూపించరు.

అయినా కొన్నాను. రంగు కాగితాలు, జిగురు, ఐస్‌క్రీం పుల్లలు, మొద్దు కత్తెర. నేను గడప తొక్కగానే బిడ్డ ఆ సంచి పట్టుకుని ఎదురొచ్చేది.

"అమ్మా, ఇయ్యాల చేద్దామా?"

"రేపు చేద్దాం బిడ్డా, ఇయ్యాల నా పానం మంచిగ లేదు."

నా పానం మంచిగ ఉండే రేపు రానేలేదు. కొన్నాళ్లకు అది అడగడం మానేసింది. బడి నుంచి వచ్చి టీవీ ముందు బుద్ధిగా కూర్చునేది. ఆరేళ్ల పిల్ల అంత బుద్ధిగా కూర్చుంటే నాకు భయమేసింది. ఇట్లాగే వదిలేస్తే, సొంతంగా ఏదైనా చెయ్యాలన్న ఆశే దానిలో చచ్చిపోతుందేమో అనిపించింది. అట్లా చచ్చిన ఆశను ఏ బజార్లో కొనుక్కొస్తాను?

ఇంతలో బొడ్డెమ్మ రోజులొచ్చాయి. బతుకమ్మకు ముందు మా వైపు ఆడపిల్లలు ఆడుకునే దేవత బొడ్డెమ్మ. పీట మీద పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా కట్టి, జాజు అనే ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండితో ముగ్గు వేసి, పూలు పెడతారు. పిల్లలు రోజూ సాయంత్రం దాని చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఆట అయ్యాక నిద్రపుచ్చే పాట పాడి బొడ్డెమ్మను పడుకోబెడతారు. ఇంతకన్నా మంచి మట్టి పని ఏ వీడియోలో ఉంటుంది? తరిగొప్పుల నుంచి మా అమ్మను రమ్మన్నాను. "అవ్వా, ఈసారి బొడ్డెమ్మను బిడ్డతోనే చేపియ్యి" అని ఫోన్లో మరీ మరీ చెప్పాను. సరే సరే అంది. బస్సులో సంచెడు పుట్టమన్ను మోసుకుని దిగింది.

"గింత బరువు ఎందుకు మోసినవే? మన్ను మానుకోటల దొరకదా?" అన్నాను.

"మన్ను దొరుకుతది. మనూరి మన్ను దొరుకుతదా?" అంది.

మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మూలన పీట మీద బొడ్డెమ్మ సిద్ధంగా ఉంది. మెట్లన్నీ గీత గీసినట్టున్నాయి. బిడ్డ పక్కన పూల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. దాని చేతులు చూశాను. గోళ్లలో కూడా మట్టి లేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

"నీకు చెప్పిన గదనే అవ్వా, దానితోని చేపియ్యమని!"

"దానితోని చేపిస్తె గది బొడ్డెమ్మ అయితదా, గుట్ట అయితదా? ముట్టకు బిడ్డా, ఖరాబైతదని నేనే అన్న. నీ చిన్నప్పుడు నువ్వు చేసినవా ఏంది? నేనే చేసిచ్చిన."

ఆమెతో వాదించే ఓపిక నాకు లేదు. అన్నం తిని పడుకున్నాను.

రెండు రోజుల తర్వాత అనుకుంటాను, దవాఖానలో ఆ రోజు ఊపిరాడలేదు. ఇంటికొచ్చేసరికి అమ్మ పూల కోసం వెనక వీధికి వెళ్లింది. ఒక్క పది నిమిషాలని ముందు గదిలో చాప మీద ఒరిగాను. అంతే, ఒళ్లు తెలియలేదు.

కాలికి చల్లగా ఏదో తగిలి మెలకువ వచ్చింది. చప్పట్లు వినిపించాయి. కళ్లు తెరిస్తే నా తల చుట్టూ గునుగు పూలు, తంగేడు పూలు. ఒక పాదం నిండా ఎర్రటి జాజు, దాని మీద బియ్యప్పిండి చుక్కలు. మా వాడకట్టు పిల్లలు నా చుట్టూ తిరుగుతూ పాడుతున్నారు. నా బిడ్డ జాజు గిన్నెతో నా కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన అమ్మ కెవ్వుమంది.

"ఓ అవ్వో! ఏందే గిది! బతికున్న మనిషిని పండవెట్టి, పూలు వెట్టి, చుట్టు తిరుగుతరా! లే బిడ్డా, లే! తానం చెయ్యి!"

పూలన్నీ చేత్తో ఊడ్చేసి నా రెక్క పట్టుకుని లాగింది. పిల్లలు గోడకు అతుక్కుపోయారు. ఆమె భయం నాకు అర్థమైంది. మా నాయినను చివరిసారి అట్లాగే చూశాం, పూల మధ్య, చుట్టూ మనుషులు తిరుగుతుంటే.

"ఎందుకు చేసినవే గిట్ల?" అని అమ్మ బిడ్డను గదమాయించింది.

బిడ్డ జాజు గిన్నెను రెండు చేతులా పట్టుకుంది. "నువ్వు బొడ్డెమ్మను ముట్టనియ్యలే. గందుకే నేను అమ్మను బొడ్డెమ్మను చేసిన." కాస్త ఆగి మెల్లగా అంది, "బొడ్డెమ్మను పాట పాడి పండవెడ్తం గద. ఇగ ఎవ్వరు లేపరు. అమ్మను గూడ ఎవ్వరు లేపరని."

అమ్మ చెయ్యి నా రెక్క మీదే ఉండిపోయింది. బిడ్డ జాజు గిన్నెను మెల్లగా నేల మీద పెట్టి, వేళ్లు గౌనుకు తుడుచుకోబోయింది. ఇప్పుడు గనక ఆ వేళ్లు తుడుచుకుందంటే ఇంకెప్పుడూ దేన్నీ ముట్టదని నాకు తెలిసిపోయింది.

"అవ్వా, ఇడిసిపెట్టు. నాకేం కాదు. బిడ్డ చేసింది ఖరాబు చెయ్యకు" అని మళ్లీ చాప మీద వెల్లకిలా పడుకున్నాను.

"నీ ఇష్టం పో, నా మాట ఎవలు ఇంటరు!" అని అమ్మ గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్లింది. దిష్టి తీయడానికి గుప్పెడు ఉప్పు తెచ్చుకుని, గుప్పిట విప్పకుండా గడప మీద కూర్చుంది.

బిడ్డ కాసేపు నన్ను అనుమానంగా చూసింది. తర్వాత చెల్లాచెదురైన పూలు ఒక్కొక్కటే ఏరి నా తల చుట్టూ పెట్టింది. జాజు గిన్నె తీసుకుని నా రెండో కాలి దగ్గరికి జరిగింది. నాలుక పంటి కింద పెట్టుకుని వేలితో పూయడం మొదలుపెట్టింది. పూత వంకరటింకరగా చీలమండ దాకా పాకింది. పిల్లలు ఒక్కొక్కరే గోడ వదిలి వచ్చారు.

నల్లా నీళ్లు వచ్చే వేళయింది. బియ్యం కడగాలి, బట్టలు నానబెట్టాలి, పొద్దున్నే మళ్లీ డ్యూటీ.

"కదలకు అమ్మా, ఇంక ఆరలే" అంది బిడ్డ.

కదల్లేదు. కళ్ల నుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నా, దాని పని చెడిపోతుందని తుడుచుకోలేదు.